తిన్నాక అడిగిన ప్రశ్న

(ఈస్టర్ తర్వాత రెండో ఆదివారం, ప్రభువు బల్ల ఆరాధనలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, ఇచ్చిన వాక్య సందేశం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మైకు కొంచెం కిందికి దించు బాబూ, నేను పొట్టివాణ్ణి. ఆ, చాలు. వెనక వరండాలో కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

పోయిన నెల మన పాస్టర్ అయ్యగారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి బల్ల ఆదివారం మీరే వాక్యం చెప్పాలి, అంశం దేవుని ప్రేమ" అన్నారు. దేవుని ప్రేమ అంటే ఏ వైపు నుంచి అయ్యగారూ అని అడిగాను. ఆయన మనల్ని ప్రేమించడమా, మనం ఆయన్ని ప్రేమించడమా? ఆయన ఒక్క క్షణం ఆగి, "రెండూ చెప్పండి, ఇరవై నిమిషాల్లో ముగించండి" అన్నారు. ఇరవై నిమిషాల మాట నేను ఒప్పుకోలేదు, అది ఆయనకూ తెలుసు.

మొదటి వైపు మనకు బాగా వచ్చు. "దేవుడు ప్రేమాస్వరూపి" అని ఆటోల వెనక రాయించుకుంటాం, గుమ్మం పైన ఫ్రేము కట్టించి పెడతాం. రెండో వైపు సంగతే ఎవరూ అంతగా మాట్లాడుకోరు. మాట్లాడినా దాన్ని ఒక ఆజ్ఞలాగా, హోంవర్కులాగా చెప్పుకుంటాం. "దేవుణ్ణి ప్రేమించాలి, ప్రేమించకపోతే తప్పు" అని. నేనూ సండే స్కూల్లో పిల్లలకు చాలా ఏళ్లు అలాగే చెప్పాను. రిటైరయ్యాక, యోహాను సువార్త చివరి అధ్యాయం తీరిగ్గా చదువుకుంటుంటే, ఎన్నోసార్లు చదివిందే అయినా, ఒక చోట ఆగిపోయాను. అక్కడ దేవుని కుమారుడు ఒక మనిషిని, "నువ్వు నన్ను ప్రేమిస్తున్నావా?" అని అడుగుతున్నాడు. ఆజ్ఞాపించడం లేదు. అడుగుతున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

21వ అధ్యాయం తియ్యండి. ఫోన్లో చూసేవాళ్లు ఫోన్లోనే చూడండి, వాట్సాప్ మాత్రం తెరవకండి.

తిబెరియ సముద్రం అని ఉంది కదా, అది మన బంగాళాఖాతం లాంటిది కాదు. మంచినీళ్ల సరస్సు, గలిలయ సముద్రం అన్నా అదే. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. యేసు సిలువ మీద చనిపోయి తిరిగి లేచాక జరిగిన సంగతి ఇది. ఆయన శిష్యులు ఏడుగురు రాత్రంతా వల వేశారు, ఏమీ పడలేదు. తెల్లవారుతుండగా ఒడ్డున ఎవరో నిలబడి, "పిల్లలారా, భోజనమునకు మీయొద్ద ఏమైన ఉన్నదా?" అని కేక వేశాడు.

మాది బందరు దగ్గర తీరం. ఖాళీ వలతో ఒడ్డుకు వచ్చేవాళ్లను ఏం పడ్డాయని పలకరించకూడదని మా అమ్మ చెప్పేది. వాళ్ల మొహం చూసి పక్కకు తప్పుకునేవాళ్లం. మనసులో ఉడుకుతూ వస్తారు, అడిగితే కసురుకుంటారు. యేసు సరిగ్గా ఆ అడగకూడని ప్రశ్నే అడిగాడు. వాళ్లు కసురుకోలేదు గానీ, ఒక్క ముక్కలో "లేదు" అన్నారు. అంతే. ఆ "లేదు"లో రాత్రంతా ఉంది.

తర్వాత కథ మీకు తెలుసు. కుడిపక్క వల వేయమన్నాడు, 153 గొప్ప చేపలు పడ్డాయి. ఆ ఏడుగురిలో పేతురు ఆగలేక పైబట్ట వేసుకొని నీళ్లలోకి దూకాడు. ఒడ్డు ఇన్నూరు మూరల దూరం, అంటే దాదాపు 90 మీటర్లు. ఈదుకుంటూ, తడుస్తూ, రొప్పుతూ ఒడ్డెక్కాడు. ఎక్కేసరికి ఎదురుగా ఏముంది? నిప్పులు. వాటి మీద చేపలు, రొట్టె.

ఈ నిప్పుల దగ్గర కాస్త ఆగుదాం. యోహాను గ్రీకులో వాడిన మాట బొగ్గుల నిప్పుకు వాడేది, ఆంత్రకియా. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండే రెండు చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ. ఇంకొకటి 18వ అధ్యాయంలో, యేసును పట్టుకెళ్లిన రాత్రి, ప్రధానయాజకుని ఇంటి ముంగిట్లో. చలి వేస్తోందని దాసులు, బంట్రౌతులు మంట వేసుకున్నారు, పేతురు కూడా వాళ్ల మధ్య నిలబడి చలి కాచుకుంటూ, నేను ఆయన శిష్యుణ్ణి కాను అన్నాడు. ఆ రాత్రి అలా మూడుసార్లు ఆయన్ని ఎరగనన్నాడు. మన తెలుగు బైబిల్లో ఒక చోట మంట అని, ఇంకో చోట నిప్పులు అని ఉండటంతో ఆ సంబంధం మనకు తట్టదు. పేతురుకు తట్టకుండా ఉంటుందా? బొగ్గుల పొగ వాసన ఎలాంటిదో కుంపటి మీద వండిన ఆడవాళ్లకు తెలుసు. చీర ఉతికినా పోదు.

అలాంటి చోట మనమైతే ఏం చేస్తాం? అబద్ధమాడి పారిపోయినవాడు తిరిగొచ్చి, తడి బట్టలతో ఎదురుగా నిలబడితే? "ఏమయ్యా, ఆ రాత్రి ఏమన్నావు?" అని మొదలుపెడతాం. తిండి సంగతి తర్వాత. యేసు అన్నది, "రండి, భోజనము చేయుడి." వడ్డించింది కూడా ఆయనే. 15వ వచనం ఎలా మొదలవుతుందో చూడండి: "వారు భోజనముచేసిన తరువాత". ప్రశ్న అప్పుడు వచ్చింది. కడుపు నిండాక.

మన ఇళ్లలో "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని ఎవరు ఎవరితో అంటారండీ? మా నాన్న మా అమ్మతో అనడం నేను వినలేదు. నేను మా ఆవిడతో అన్నానో లేదో ఆవిణ్ణే అడగండి, ముందు వరుసలోనే ఉంది. (నవ్వులు) మన ఇళ్లలో ఆ మాటకు బదులు "తిన్నావా?" అంటాం. అమెరికాలో ఉన్న కొడుక్కి తల్లి ఫోన్ చేస్తే మొదటి మాట అదే. అక్కడ అర్ధరాత్రి అయినా సరే, "ఏం తిన్నావు నాన్నా?" ప్రభువు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాడని తెలిసినప్పుడు నాకు ఈ భాగం మా వీధిలో జరిగినట్టే అనిపించింది.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. 9వ వచనంలో నిప్పుల మీద చేపలు అప్పటికే ఉన్నాయి. 10వ వచనంలో ఆయన, "మీరిప్పుడు పట్టిన చేపలలో కొన్ని తీసికొని రండి" అంటున్నాడు. ఎందుకు? ఆయన దగ్గర లేకనా? ఆ పట్టిన చేపలైనా వీళ్లు పట్టినవా? ఆయన చెప్పిన పక్కన వల వేస్తే పడినవి. అంటే ఇచ్చింది ఆయనే, తన దగ్గర ఉన్నదీ ఆయనదే, అయినా "మీవి కొన్ని తెండి" అంటున్నాడు. ఆయనవీ వీళ్లవీ ఆ ఒక్క ఉదయం భోజనంలో కలిశాయి.

మా ఇంట్లో క్రిస్మస్‌కు కజ్జికాయలు చేస్తారు. మా ఆవిడ పూరీలు ఒత్తి, కొబ్బరి కోరు, బెల్లం పెట్టి, అంచు మడిచి మూకుట్లో వేస్తుంది. మా మనవరాలికి అప్పుడు ఐదేళ్లు. నేనూ చేస్తానని పేచీ పెట్టింది. నిమ్మకాయంత పిండి ముద్ద ఇచ్చాం. ఆ పిల్ల దాన్ని నలిపి నలిపి నల్లగా చేసి, కోరు ఎక్కువ కూరి, అంచు వేళ్లతో ఎలాగో అంటించింది. నూనెలో వేయగానే అది విచ్చుకుంది. కోరు బయటికొచ్చి మాడి, నూనె అంతా నల్ల నలకలు. "మొత్తం పాడు చేసింది" అని మా ఆవిడ గొణుక్కుంది. ఆ పిల్ల ఆ మాడిపోయినదాన్ని పళ్లెంలో పెట్టుకొని, డబ్బాలో ఉన్న ఎనభై మంచి కజ్జికాయల పక్క నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, నేను చేశా" అంది. పిండి మాది, కోరు మాది, నూనె మాది, గ్యాసు మాది. ఆ పిల్లది ఏముంది అందులో? నేను తిన్నాను. చేదుగా ఉంది. ఆ ఏడు నేను తిన్నవాటిలో అదొక్కటే నాకు గుర్తుంది.

"ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను తన పత్రికలో రాశాడు. పిండి ముద్ద ఆయన ఇచ్చిందే అని దానర్థం. అలాగని మనం తెచ్చింది లెక్కలోకి రాదని మాత్రం కాదు.

50వ కీర్తనలో దేవుడే అంటాడు: "నేను ఆకలిగొనినను నీతో చెప్పను, లోకమును దాని పరిపూర్ణతయు నావే." నాకు మీ కోడెలతో, మేకపోతులతో పని లేదు అని. అంత మాట అన్న దేవుడు, ఒడ్డున నిలబడి "తినడానికేమైనా ఉందా?" అనడం, తర్వాత "నన్ను ప్రేమిస్తున్నావా?" అనడం ఆశ్చర్యం కాదా? ప్రేమ ఒక్కటే ఆయన అడిగి తీసుకోవలసింది. లాక్కుంటే అది ప్రేమగా మిగలదు. హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో ఇశ్రాయేలుకు నడక నేర్పిన తండ్రిలాగా మాట్లాడతాడు, చెయ్యి పట్టుకొని నడిపించాను, వాళ్లకది తెలియలేదు అని వాపోతాడు. వాపోయే దేవుడు. మనం దేవుణ్ణి రాయిలా ఊహించుకోవడానికి అలవాటుపడ్డాం కాబట్టి ఆ అధ్యాయాలు తొందరగా చదివేసి దానియేలు సింహాల గుహకు వెళ్లిపోతాం.

సరే, ప్రశ్నకు వద్దాం. మొదటిసారి, "వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?" అన్నాడు. ఈ "వీరికంటె" అన్న మాట పేతురుకు గుచ్చుకొని ఉంటుంది. ఎందుకంటే అందరూ నిన్ను వదిలేసినా నేను వదలను అని గొప్పలు పోయింది అతనే. ఇప్పుడు జవాబులో చూడండి, ఆ పోలిక లేదు. "నేను నిన్ను ప్రేమించుచున్నానని నీవే యెరుగుదువు" అన్నాడు. నేను చెప్తున్నా నమ్ము అనలేదు. నీకే తెలుసు అన్నాడు. తన మాట మీద తనకే నమ్మకం పోయినవాడి జవాబు అది.

ఇక్కడ చాలామంది బోధకులు గ్రీకు తెస్తారు. యేసు మొదటి రెండుసార్లు అగపావో అన్నాడు, పేతురు ఫిలేయో అన్నాడు, ఒకటి దైవప్రేమ, ఇంకోటి స్నేహం, మూడోసారి యేసు తన స్థాయి తగ్గించుకొని ఫిలేయోకు దిగాడు అని. వినడానికి బాగుంటుంది, నేనూ ఒకప్పుడు చెప్పాను. తర్వాత మానేశాను. ఎందుకంటే ఇదే యోహాను, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని 3వ అధ్యాయం 35లో అగపావోతో రాశాడు, 5వ అధ్యాయం 20లో అదే సంగతి ఫిలేయోతో రాశాడు. తండ్రి ప్రేమ ఈలోగా తగ్గిందా? పైగా ఆ ఒడ్డున వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది గ్రీకు అయ్యుండదు, వాళ్ల ఇంటి భాష అరామిక్. మన తెలుగు బైబిల్లో మూడుసార్లూ ప్రేమించడమే. మనవాళ్లు తప్పు చేయలేదు.

మూడోసారి అడిగినప్పుడు పేతురు "వ్యసనపడి" అని ఉంది. మా సండే స్కూల్లో ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, పేతురుకు ఏం వ్యసనం?" అని అడిగాడు. పాత తెలుగులో వ్యసనపడటం అంటే దుఃఖపడటం నాయనా, నువ్వనుకునే వ్యసనం కాదు అన్నాను. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగితే ఏడుపు రాదా? కానీ చూడండి, "ఆ రాత్రి" అన్న మాటే యేసు ఎత్తలేదు. ఎందుకలా చేశావు అని లేదు. మళ్లీ చేయనని ప్రమాణం చెయ్యమని లేదు. గాయం దగ్గర కట్టు కట్టేవాడు గాయాన్ని తాకకుండా కట్టలేడు గదా, అంతవరకే తాకాడు.

ఇప్పుడు మన సంగతి. ప్రార్థన మనవుల పెట్టె తెరిచినప్పుడు చూస్తుంటాను. వీసా రావాలి, ఎంసెట్‌లో ర్యాంకు రావాలి, పెళ్లి కుదరాలి, షుగర్ తగ్గాలి. నవ్వడానికి చెప్పడం లేదు. నేను కూడా నా మోకాలి నొప్పి రాసి వేశాను. క్లెర్వోలో బెర్నార్డు అని ఒక మఠాధిపతి ఉండేవాడు, ఫ్రాన్సులో, 1090 నుంచి 1153 వరకు. దేవుణ్ణి ప్రేమించడం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ప్రేమకు నాలుగు మెట్లు చెప్పాడు. మొదట మనిషి తనను తాను తన కోసమే ప్రేమించుకుంటాడు. తర్వాత కష్టం వచ్చి, దేవుడు అవసరమై, తన మేలు కోసం దేవుణ్ణి ప్రేమిస్తాడు. అలా వస్తూ పోతూ ఉండగా ఆయన రుచి తెలిసి, ఆయన్ని ఆయన కోసమే ప్రేమిస్తాడు. చివరి మెట్టు మీద తనను కూడా దేవుని కోసమే ప్రేమించుకుంటాడు. ఆ నాలుగోది ఈ బతుకులో పూర్తిగా ఎవరికైనా అందుతుందో లేదో నాకు తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు. నాకు ఆ పుస్తకంలో నచ్చింది రెండో మెట్టును ఆయన తిట్టకపోవడం. వీసా కోసం వచ్చినవాణ్ణి గెంటేయలేదు. చంటిపిల్ల పాల కోసమే తల్లిని వెతుక్కుంటుంది. ఎప్పుడో ఒకరోజు పాలు అక్కర్లేకపోయినా ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది. అది ఏ రోజో తల్లి రాసి పెట్టుకోదు.

ఇంకో కష్టం ఉంది. కొందరు నాతో గుట్టుగా చెప్తారు: "మాస్టారూ, ఒకప్పుడు పాట అందుకోగానే కన్నీళ్లు వచ్చేవి. ఇప్పుడేం రావడం లేదు. ప్రార్థన గోడకు చెప్పుకున్నట్టుంది. నాకు దేవుని మీద ప్రేమ పోయిందా?" వాళ్లకు నేను మదర్ తెరెసా సంగతి చెప్తాను. ఆమెది మన సంఘం కాదు, అది పక్కన పెట్టండి. 1952లో కలకత్తా కాళీఘాట్‌లో చనిపోయేవాళ్ల కోసం ఇల్లు తెరిచింది. వీధుల్లో పురుగులు పట్టి పడి ఉన్నవాళ్లను తెచ్చి కడిగింది. 1997లో ఆమె పోయాక, పదేళ్లకు, ఆమె తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. చదివినవాళ్లు నివ్వెరపోయారు. దశాబ్దాల పాటు లోపల చీకటి, దేవుడు ఉన్నట్టే అనిపించలేదని రాసుకుంది. బయట నవ్వు మొహం. కొందరు చూశారా నటన అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఏ తీపీ అందకపోయినా రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థనకు వెళ్లి, తర్వాత ఆ మనుషుల పుండ్లు కడగడానికి వెళ్లడాన్ని ప్రేమ అనకపోతే ఇంకేమంటాం?

ఎందుకంటే పేతురు "ప్రేమిస్తున్నాను" అన్న ప్రతిసారీ యేసు ఏమన్నాడు? అయితే పాట పాడు అనలేదు. "నా గొఱ్ఱెపిల్లలను మేపుము", "నా గొఱ్ఱెలను కాయుము", "నా గొఱ్ఱెలను మేపుము." మళ్లీ తిండి మాటే. నేను నీకు పెట్టాను, నువ్వు నాకు పెట్టాలనుకుంటే అదిగో, వాళ్లకు పెట్టు. నేను వల్లించిన హోంవర్కు ప్రేమకూ దీనికీ తేడా అక్కడే ఉంది. గొర్రెలను మేపితే ప్రేమ పుడుతుందని ఆయన అనలేదు. ముందు ప్రేమ అడిగాడు, తర్వాత గొర్రెలను అప్పగించాడు. అదీ ఎవరికి? నాలుగు రోజుల ముందు కాదు గానీ, కొద్ది రోజుల ముందు తనను ఎరగనన్నవాడికి. మన కమిటీ అయితే కనీసం ఆరు నెలలు చూసేది. (నవ్వులు) అయ్యగారు నవ్వడం లేదు, సరే.

ఇంత జరిగాక పేతురు ఏం చేశాడో తెలుసా? వెనక్కి తిరిగి తోటి శిష్యుడు యోహానును చూసి, "ప్రభువా, యితని సంగతి ఏమగును?" అని అడిగాడు. అప్పుడే కన్నీళ్లు ఆరలేదు, పక్కవాడి సంగతి! మనమూ అంతే. వాళ్లు కానుక ఎంత వేశారు, ఆమె ఉపవాసం నిజమేనా, వాళ్లబ్బాయికి ఉద్యోగం ఎలా వచ్చింది. యేసు పేతురుతో అన్నాడు: "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము." ఆ మాటను చాలామంది కోపంగా చదువుతారు. నాకు భర్త భార్యతో "వాళ్ల గొడవ మనకెందుకే, రా" అన్నట్టు వినిపిస్తుంది.

తర్వాత చాలా ఏళ్లకు పేతురు ఒక పత్రిక రాశాడు. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ వాళ్లకు. ఇప్పటి టర్కీ అది. అక్కడివాళ్లు యేసును చూసినవాళ్లు కారు. ఆ నిప్పుల దగ్గర కూర్చోలేదు, ఆ చేప తినలేదు. వాళ్లకు పేతురు రాసిన మాట మొదటి అధ్యాయం 8వ వచనంలో ఉంది: "మీరాయనను చూడకపోయినను ఆయనను ప్రేమించుచున్నారు." చూశారా? తనను మూడుసార్లు అడిగితే గానీ తేలని సంగతి, పేతురు వాళ్లను ఒక్కసారి కూడా అడగకుండా రాసేశాడు. వాళ్లేమైనా గొప్ప భక్తులా? అందులో బానిసలు ఉన్నారు, ప్రభువును నమ్మని భర్తలతో కాపురం చేసే భార్యలు ఉన్నారు, ఊళ్లో మాటలు పడుతున్నవాళ్లు ఉన్నారు. ఆ ముసలి జాలరి వాళ్లను చూసి కాస్త అసూయపడి ఉంటాడా అని నాకు ఒక్కోసారి అనుమానం వస్తుంది. నేను చూసి కూడా ఎరగనన్నాను, వీళ్లు చూడకుండానే ప్రేమిస్తున్నారే అని.

అయ్యగారు లేచారు. బల్ల మీద తెల్ల గుడ్డ తీస్తున్నారు. నేను ఇక దిగుతాను. ముందు ముసలివాళ్లను రానివ్వండి, మెట్టు దగ్గర చెయ్యి అందించండి. రండి, భోజనము చేయుడి.